ఇంట్లో కేబుల్ లాగిన అబ్బాయికి సీసీఎన్‌ఏ కోచింగ్ ఇప్పుడే అవసరమా?

ప్రశ్న: మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవుల్లో రౌటర్ దగ్గర ఒకటి, మేడ మీద ఒకటి గిగాబిట్ స్విచ్‌లు (ఒక నెట్ కనెక్షన్‌ను చాలా పరికరాలకు పంచే పెట్టెలు) పెట్టి కేబుల్ లాగాడు. పై గదిలో మాత్రం వేగం 100 మెగాబిట్లు దాటడం లేదు. నెట్‌వర్కింగ్‌లోనే ఉద్యోగం చేస్తానని, సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కోచింగ్‌లో చేర్పించమని పట్టుబడుతున్నాడు. ఇది చదువా, వైరింగ్ పనా? - ఒక తండ్రి

జవాబు: కోచింగ్ మాట తర్వాత. ముందు ఆ పై గది సంగతి తేల్చమనండి.

గిగాబిట్, అంటే సెకనుకు 1000 మెగాబిట్లు, రావాల్సిన చోట వేగం సరిగ్గా వంద దగ్గర ఆగిందంటే నేను ముందు కేబుల్‌నే అనుమానిస్తాను. అందులో ఉండేవి ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు. వంద మెగాబిట్లకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. నీలం తీగో, గోధుమరంగు తీగో కనెక్టర్‌లో సరిగా కూర్చోకపోతే స్విచ్ మొరాయించదు, చడీచప్పుడు లేకుండా వందకు దిగిపోతుంది. ఇంటర్నెట్ వస్తూనే ఉంటుంది కనుక ఎవరూ పట్టించుకోరు. అన్నట్టు, పైన ఉన్నది టీవీ అయితే అబ్బాయిని ఏమీ అనకండి. చాలా టీవీల్లో పోర్టే వంద మెగాబిట్లది.

కేబుల్ మార్చి, పోర్టు మార్చి, చివర్లకు కనెక్టర్లు మళ్లీ నొక్కి బిగించి (క్రింపింగ్ చేసి) ఒక్కొక్క అనుమానాన్నీ కొట్టేసుకుంటూ పోతున్నాడా, లేక అన్నీ ఒకేసారి పీకి మళ్లీ బిగించి ‘బాగైపోయింది’ అంటున్నాడా, గమనించండి. మొదటి రకమైతే అతనికి ఈ వృత్తి నప్పుతుంది. నెట్‌వర్క్ ఇంజినీరు రోజులో సగం గడిచేది ఇలాంటి వెతుకులాటలోనే. వైరింగ్‌ను చిన్నచూపు చూడకండి, కానీ అక్కడే ఆగిపోనివ్వకండి.

కోచింగ్ ఫీజులో కొద్ది భాగంతో వీల్యాన్ (ఒకే స్విచ్‌ను విడివిడి నెట్‌వర్కులుగా విడదీసే పద్ధతి) సదుపాయమున్న చిన్న స్విచ్ కొనివ్వండి. ఇంటి కెమెరాలను ఒక వీల్యాన్‌లో, కంప్యూటర్లను మరొక దానిలో పెట్టమనండి. రెండింటి మధ్య మాటలు ఆగిపోయాక, వాటిని కలిపే రౌటర్ ఎందుకో పుస్తకం చెప్పకుండానే అర్థమవుతుంది. పాత స్విచ్‌లో ఒకే కేబుల్ రెండు కొసలనూ గుచ్చితే ఇల్లంతా నెట్‌వర్క్ ఎందుకు స్తంభిస్తుందో కూడా చూడమనండి, మీకు ఆఫీసు పని లేని రోజున! పెద్ద నెట్‌వర్కుల సాధనకు కంప్యూటర్‌లోనే నెట్‌వర్కులు కట్టి చూసే, ఉచితంగా దొరికే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్ చాలు.

ఇక సీసీఎన్‌ఏ. ఆ సర్టిఫికెట్ గడువు మూడేళ్లు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరే ఆలోచన ఉంటే, ఇప్పుడు తెచ్చుకున్నది డిగ్రీ చేతికొచ్చేలోపే చెల్లకుండా పోతుంది, మళ్లీ పొడిగించుకోవాలి. డిప్లొమాతోనే ఉద్యోగంలో చేరాలనుకుంటే ఆఖరి సెమిస్టర్‌లో రాయడం సబబు. ఈసెట్ వైపే మొగ్గితే ఈ ఏడాది ఖాళీ సమయమంతా గణితానికి ఇవ్వమనండి. 200 మార్కుల్లో 50 దానివే.