ఇంజిను అరుస్తోంది, బోటు కదలట్లేదు

అల్లుడూ,

మలుపు తిప్పగానే బోటు వెనక తగిలించిన ఇంజిను రేసు పెరిగి బోటు నీరసిస్తోందని ఫోన్లో చెప్పావుగా. కొత్త ప్రొపెల్లరుకు అప్పుడే డబ్బు పెట్టకు.

అలాంటప్పుడు అందరూ కేవిటేషన్ అనేస్తారు. కేవిటేషన్‌కి బయటి గాలితో పనిలేదు. ప్రొపెల్లరు రెక్క మీద ఒకచోట పీడనం పడిపోయి నీరే మరిగి బుడగలవుతుంది. 30 డిగ్రీల నీరు మరగాలంటే పీడనం మామూలు గాలి పీడనంలో 20వ వంతుకన్నా తగ్గాలి. అంచు గంటుపడ్డ రెక్కకి, వల పీలిక చుట్టుకున్న రెక్కకి ఆ తిప్పలు త్వరగా వస్తాయి. బుడగలు చితికినచోట లోహం అరిగిపోతుంది. ఇంజిను ఆపి, ప్లగ్గు వైరు పీకేసి, రెక్కలు వేలితో తడుము. ఒకేచోట పెయింటు లేచి, సన్నటి గుంటలు గరుగ్గా తగిలితే అదే.

నీది మలుపులోనే వస్తోంది కాబట్టి వెంటిలేషన్ అనే నా అనుమానం. అంటే పైనుంచి గాలి దిగి రెక్కలకు నీటి పట్టు తప్పడం. ప్రొపెల్లరు పైన అడ్డంగా ఉండే పలక ఆ గాలిని ఆపడానికే. బోటును ఒడ్డుకు లాగి, ఇంజిను నిటారుగా దించి, ఒక తిన్నని కర్రను బోటు అడుగుకు ఆనించి వెనక్కి పట్టు. పలక కర్రకు సమంగానో, కాస్త కిందగానో ఉండాలి. బాగా పైనుంటే ఇంజినును బోటుకు బిగించే బోల్టు రంధ్రాల్లో ఒక రంధ్రం మేర కిందికి దించు. ఇంజిను తగిలించే బోటు వెనక గోడ 20 అంగుళాల ఎత్తుంటే, దానికి 15 అంగుళాల షాఫ్టు ఇంజిను తగిలించి ఉంటే మాత్రం ఎంత దించినా లాభం లేదు, ఇంజినే మార్చాలి.

ట్రిమ్, అంటే ఇంజిను వంపు, పైకి ఉంచి మలుపు తిప్పకు, ముందే దించుకో. వలలూ ఐసూ అంతా బోటు ముందు భాగంలోనే పేరిస్తే వెనక లేచిపోతుంది, కొంత వెనక్కి జరుపు. హబ్బు, అంటే రెక్కల నడిమి గొట్టం, వెనక విచ్చుకున్న రింగు విరిగిందేమో కూడా చూడు. చాలా ఇంజిన్లలో పొగ హబ్బులోంచే పోతుంది, రింగు విరిగితే ఆ పొగ మళ్లీ రెక్కల్లోకి వస్తుంది.

మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసేచోట, కెరటం మీద ఇంజిను అరిస్తే ఇంకా రేసు ఇవ్వకు నాయనా. వెంటనే తగ్గించి, రెక్కలకు నీరు పట్టనిచ్చి, నెమ్మదిగా పెంచు. ఇంజిను చల్లబరిచే నీళ్ల ధార ఆగిందేమో ఓ కన్నేసి ఉంచు.

తిన్నగా వెళ్లేటప్పుడు కూడా అరిస్తే హబ్బులో రబ్బరు బుష్ జారుతోందేమో. ప్రొపెల్లరు విప్పి, హబ్బు లోపలి గొట్టం మీదనుంచి బయటి అంచుదాకా పెయింటుతో ఒకే గీత గీసి, బిగించి నడుపు. విప్పి చూస్తే గీత రెండు ముక్కలైందంటే బుష్ పోయినట్టే. అప్పుడు కొను.

పలక పైనుందని తేలితే ముందు ఇంజిను ఒక రంధ్రం దించి, రోజూ వేసే బరువుతోనే, కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ లోపలి వైపు నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు లోతు చూసుకుని రెండు మలుపులు తిప్పు. ఒకసారికి ఒక్కటే మార్చు, లేకపోతే దేనివల్ల కుదిరిందో తెలీదు. సాయంత్రం ఫోన్ చెయ్యి.

నీ మావయ్య