నీ నోట్‌బుక్‌లో ఉన్నది అఫిడవిట్‌లోకి రాలేదు

హనుమకొండ

బిడ్డా,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. ప్రతివాది రాకుండానే కోర్టు ఇచ్చేసిన ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చేయమని ఒక పిటిషన్, ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్, రెండింటికీ అఫిడవిట్లు. పారాలీగల్ కోర్సులో చేరిన మొదటి ఏడే ఇంత పని నెత్తికెత్తుకున్నందుకు సంతోషం. కోర్టు పేరు, కక్షిదారుల పేర్లు ఉండే కాజ్ టైటిల్ శుభ్రంగా ఉంది. పేరాలకు నంబర్లున్నాయి. కోర్టును ఏం కోరుతున్నామో చెప్పే ప్రేయర్‌లో దావా ఓ.ఎస్. నంబరు, డిక్రీ తేదీ సరిగ్గా పడ్డాయి. వాటి గురించి ఇక చెప్పేదేం లేదు.

డ్రాఫ్ట్‌తో పాటు నీ నోట్‌బుక్ పేజీ ఫొటో కూడా పంపావు. పేరు, ఊరు కొట్టేసి పంపావు, మంచి పని చేశావు. ఈ ఉత్తరం ఆ పేజీ గురించే. మీ కక్షిదారు, ఆ పెద్దాయన, మీ ఆఫీసు బల్ల ముందు కూర్చొని చెప్పింది చెప్పినట్టే రాసుకున్నావు:

"కోర్టాయన వచ్చినప్పుడు నేను ఇంట్ల లేను. చిన్నబిడ్డ కాన్పుకని కరీంనగర్ పోయిన. కాయితం మా పెద్దోడు తీస్కున్నడట, నాకు చెప్పలె. మొన్న జూన్ 24 నాడు కోర్టోళ్లు భూమి అప్పజెప్పుమని వచ్చినంకనే ఎర్కయింది."

అఫిడవిట్‌లో ఇందులో ఒక్క ముక్కా లేదు. మూడో పేరాలో 'నాకు సమన్లు అందలేదు' అని ఉంది. ఐదో పేరాలో 'వాయిదా రోజున తీవ్ర అనారోగ్యం వల్ల హాజరు కాలేకపోయాను' అని ఉంది. సమన్లే అందని మనిషికి వాయిదా ఉందని ఎట్లా తెలిసింది? ఎదుటి వకీలు తన జవాబు కౌంటర్‌లో మొట్టమొదట పట్టుకునేది దీన్నే. పెద్దాయన అబద్ధం ఆడలేదు, కానీ నీ రాత వల్ల అబద్ధాలకోరుగా కనబడతాడు.

అనారోగ్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. కంప్యూటర్‌లో ఉన్న పాత పిటిషన్ తెరిచి, పేర్లు మార్చి, మిగతాది ఉంచేశావు. ఆలస్యం పిటిషన్లలో మనకు అలవాటైన జబ్బు కామెర్లు. టైపు మిషన్ల కాలంలో నేనూ అదే రాశాను. నర్సంపేట వైపు నుంచి ఒకామె వచ్చింది, ఎకరం పది గుంటల గొడవ. మిరప ఏరే కూలికి వేరే జిల్లాకు పోయి రెండు నెలలు అక్కడే ఉన్నానని చెప్పింది. కూలికి పోవడం ఒక కారణమా అంటారేమోనని నేనే భయపడి, కామెర్లు అని రాసి వేలిముద్ర వేయించాను. విచారణలో ఆమెను బోనెక్కించారు. మందు ఎక్కడ తీసుకున్నావని ఎదుటి వకీలు అడిగితే, "నాకు కామెర్లు ఎన్నడు రాలె సారు, మిరప ఏరవోయిన" అంది. పిటిషన్ కొట్టేశారు. మెట్లు దిగుతూ "నేనేమన్న తప్పు చెప్పిన్నా సారూ" అని అడిగింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట నన్ను వదల్లేదు. ఆమె నాకు చెప్పిన కారణమే రాసి ఉంటే, వెంట పోయిన కూలీల్లో ఏ ఒక్కరైనా వచ్చి సాక్ష్యం చెప్పేవాళ్లు. కామెర్లకు ఎవరు సాక్ష్యం చెప్తారు?

ఇప్పుడు నీ పేజీలోకి రా. 'తీస్కున్నడట' అన్నాడు చూడు, ఆ చివరి 'ట' ఎంత విలువైనదో గమనించావా? తాను కళ్లారా చూడలేదు, ఎవరో చెప్తే విన్నాడు. మన భాష ఆ సంగతిని ఒక్క అక్షరంలో చెప్పేస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ ఆర్డర్ 3వ రూల్ అడిగేదీ అదే. అఫిడవిట్‌లో స్వయంగా తెలిసిన సంగతులే ఉండాలి. ఇట్లాంటి మధ్యంతర దరఖాస్తుల్లో నమ్మకంతో చెప్పిన మాటలను కోర్టు ఒప్పుకోవచ్చు గానీ, ఆ నమ్మకానికి ఆధారమేమిటో కూడా రాయాలి. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మనం చాలాసార్లు ఆ 'ట'ను పారేసి, ఆయనే చూసినట్టు రాసేస్తాం. అట్లా చేయకు. 'నా పెద్దకొడుకు చెప్పగా తెలిసింది, నిజమని నమ్ముతున్నాను' అని రాయి. ఇంకా మంచిది, కొడుకు చేతనే వేరే అఫిడవిట్ వేయించడం. కాయితం తీసుకున్నది ఆయన కాబట్టి ఆ మాట ఆయనే చెప్పాలి.

ఇక అసలు ప్రశ్న. నీ నోట్‌బుక్‌లో అది లేదు, నువ్వు అడగలేదు. పెద్దకొడుకు తండ్రితో ఒకే ఇంట్లో ఉంటున్నాడా, వేరుపడ్డాడా?

మనిషి ఇంట్లో లేక, సరైన టైములో దొరికే వీలూ లేక, తరఫున తీసుకునే ఏజెంటూ లేనప్పుడు, ఆయనతో కలిసి ఉంటున్న మేజరైన కుటుంబ సభ్యుడి చేతికి సమన్లు ఇవ్వవచ్చని అదే కోడ్ 5వ ఆర్డర్ 15వ రూల్ చెబుతోంది. వేరు కాపురం ఉన్న కొడుకైతే లెక్క మారిపోతుంది. ఎట్లాగో చూడు. లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ ప్రకారం డిక్రీ రద్దు కోరడానికి గడువు 30 రోజులు. సమన్లు సరిగ్గా అందినట్టయితే ఆ లెక్క డిక్రీ తేదీ మార్చి 12 నుంచి మొదలై ఏప్రిల్ 11కు ముగిసింది. మీరు జులై 8న ఫైల్ చేస్తామంటున్నారు, అంటే ఆలస్యం 88 రోజులు. నువ్వు 90 అని గుండుగుత్తగా వేశావు. రోజులు వేళ్లమీద లెక్కపెట్టు, వేసవి సెలవులను అందులోంచి తీసేయకు. గడువు సెలవులకు ముందే అయిపోయింది. సమన్లు సరిగ్గా అందలేదని తేలితే మాత్రం, డిక్రీ సంగతి తెలిసిన జూన్ 24 నుంచి లెక్క. అప్పుడు అసలు ఆలస్యమే లేదు! జాగ్రత్త కోసం ఆలస్యం పిటిషన్ ఎట్లాగూ వేస్తారు. ఏ దారి పట్టాలో తేల్చాల్సింది మీ వకీలు గారు. ఆ పని నీదీ కాదు, నాదీ కాదు. తేల్చడానికి కావలసిన నిజాలు ఆయన బల్ల మీద పెట్టడం నీ పని. కోర్టు ఫైల్లో సమన్లు ఇచ్చిన రిపోర్టు ఉంటుంది, దాని నకలుకు వెంటనే దరఖాస్తు పెట్టించు. ఎవరి చేతికి ఇచ్చాడో, ఎప్పుడు ఇచ్చాడో కోర్టాయన అందులో రాసే ఉంటాడు.

88 రోజులనగానే బెదిరిపోకు. ప్రతి రోజుకూ సంజాయిషీ చెప్పాలన్న మాటను మొండిగా పట్టుకోవద్దని, ఇంగితంతో చూడాలని 1987లో కాతీజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అట్లాగని ఖాళీలు వదిలేయకు. కాన్పు ఎప్పుడు, కరీంనగర్‌లో ఎన్నాళ్లు, ఊరికి ఏ రోజు తిరిగొచ్చాడు? ఆసుపత్రి డిశ్చార్జి కాయితం ఉంటే జత చేయి.

మరొక్క మాట. అఫిడవిట్ చివర 'తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకొని సంతకం చేశారు' అని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంటుంది. ఎన్ని అఫిడవిట్లలో అది నిజమో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. 2023లో మన హైకోర్టు ఒక తీర్పునే తెలుగులో ఇచ్చింది. నువ్వు కనీసం చిత్తుప్రతి తెలుగులో రాయి. పెద్దాయన ముందు కూర్చొని పేరా పేరా చదివి వినిపించు. "గట్ల కాదు బిడ్డా" అని ఎక్కడ అడ్డుపడితే అక్కడ కొట్టేసి మళ్లీ రాయి. ఆ తర్వాతే ఇంగ్లీషు.

పెద్దాయన్ని రేపే పిలిపించు, కొడుకును వెంటబెట్టుకొని రమ్మను. తండ్రికి చెప్పకుండా కాయితం దాచిన కొడుకు కోర్టులో ఆ మాట ఒప్పుకుంటాడో లేదో. ముందు తండ్రిని బయట కూర్చోబెట్టి, అతనితో ఒక్కడితోనే మాట్లాడు. కోపంగా అడగకు. బుధవారం సాయంత్రం అదాలత్ దగ్గరే ఉంటాను. తిరగరాసింది, నోట్‌బుక్ రెండూ పట్టుకొని రా.

ఇట్లు
నీ మేలు కోరే
సారు