పాత స్ప్లెండర్‌లో పెట్రోల్ కారుతుంటే

అన్నా, రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెడితే తెల్లారేసరికి బండి కింద పెట్రోల్ మరక ఉంటోందని, మెకానిక్ కార్బురేటర్ మొత్తం మార్చాలన్నాడని రాశారు కదా. అప్పుడే మార్చకండి. ముందు బండిని ఆరుబయట పెట్టండి. సెల్లార్‌లో ఆవిరి నేల మీదే పేరుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు.

ఇంజిన్ చల్లారాక కార్బురేటర్ శుభ్రంగా తుడిచి, సెంటర్ స్టాండ్ వేసి, పెట్రోల్ కాక్ (ట్యాంక్ కింద పెట్రోల్‌ను వదిలే, ఆపే కుళాయి) ఆన్ చేసి చూడండి. కార్బురేటర్ కింద పెట్రోల్ నిలిచే కప్పు అంచున చెమ్మ వస్తే ప్యాకింగ్ పోయినట్టు. కాక్ దగ్గరే తడిస్తే దాని వాషర్. కార్బురేటర్ కింది సన్న పైపులోంచి చుక్కలు పడితే మాత్రం ఫ్లోట్ నీడిల్, అంటే కప్పు నిండగానే పెట్రోల్ దారి మూసే సూది, సరిగా మూసుకోవట్లేదు. మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం దీని మీదే.

కాక్ ఆఫ్ చేసి, కప్పు విప్పి నీడిల్ కొనను గోటితో తడమండి. చుట్టూ గీతలా అరిగి ఉంటే మార్చాల్సిందే. ఫ్లోట్‌ను (కప్పులో పెట్రోల్ మీద తేలే బుడ్డిని) చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోల్ కదిలితే చిల్లు పడినట్టే. రెండూ బాగుంటే నీడిల్ కూర్చునే చోట చెత్త ఇరుక్కుని ఉంటుంది. క్లీనర్ కొట్టి కడిగితే చాలు. రిపేర్ కిట్ హైదరాబాద్ పుత్లీబౌలి స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడగండి, పాత నీడిల్ వెంట తీసుకెళ్లండి.

కారిన పెట్రోల్ ఇంజిన్‌లోకీ దిగి ఉండొచ్చు, అందుకే స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ ఆయిల్ వాసన చూడటం మరవద్దు. పెట్రోల్ వాసనొస్తే ఆయిల్ మార్చాకే కిక్ కొట్టండి.