పాలిప్ సైజు కొలిచే ఏఐ ప్రాజెక్టు: అమ్మాయిని చేయనివ్వాలా?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. కొలనోస్కోపీలో, అంటే పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్షలో, కనిపించే పాలిప్ ఎంత పెద్దదో ఏఐతో కొలిచే ప్రాజెక్టు చేస్తానంటోంది. తోటివాళ్లంతా ప్లేస్‌మెంట్ల కోసం కోడింగ్ సాధన చేస్తున్నారు. తను వెనకబడిపోదా?

జవాబు: చేయనివ్వండి. రోజూ కాసేపు కోడింగ్ సాధన మాత్రం మాననివ్వకండి. రెండూ కుదురుతాయి.

పెద్దపేగు లోపలి గోడ మీద పెరిగే కండను పాలిప్ అంటారు. అడినోమా రకం పాలిప్‌లలో కొన్ని ఏళ్లు గడిచేకొద్దీ క్యాన్సర్‌గా మారవచ్చు కాబట్టి కనబడితే తీసేస్తారు. మళ్లీ పరీక్ష ఎప్పుడన్నది చాలావరకు సైజును బట్టే ఉంటుంది. అమెరికా నిపుణుల 2020 మార్గదర్శకాల ప్రకారం 10 మిల్లీమీటర్ల లోపు అడినోమాలు ఒకటో రెండో ఉంటే 7 నుంచి 10 ఏళ్లకు రమ్మంటారు. 10 లేదా అంతకు మించినది ఒక్కటున్నా 3 ఏళ్లకే రావాలి. ఇంత బరువున్న అంకెను ఇప్పటికీ ఎక్కువగా కంటి అంచనాతోనే రాస్తున్నారు. మహా అయితే ముక్క తీసే చిన్న పట్టకారును (బయాప్సీ ఫోర్సెప్స్) పాలిప్ పక్కన తెరిచిపెట్టి పోల్చుకుంటారు.

పాలిప్‌ను గుర్తించే ఏఐ ఇప్పటికే ఉంది. జీఐ జీనియస్ అనే అలాంటి పరికరానికి అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే అనుమతి ఇచ్చింది. కొలవడం వేరే పని. కెమెరా దగ్గరికి వెళ్తే అదే పాలిప్ తెర నిండా కనిపిస్తుంది, వెనక్కి జరిగితే చుక్కంత అవుతుంది. లెన్స్ వెడల్పు కోణం వల్ల అంచుల్లో ఆకారం వంకరపోతుంది. విద్యార్థులు ఎక్కువగా వాడే క్వాసిర్-సెగ్ డేటాలో 1000 చిత్రాలున్నాయి, పాలిప్ అంచులూ గీసి ఉన్నాయి. దాంతో పిక్సెళ్లు లెక్కపెట్టవచ్చు గాని మిల్లీమీటర్లు తేలవు. ఈ తేడా పట్టుకోని ప్రాజెక్టులు రెజ్యూమెలో ఒక వరుసగా మిగిలిపోతాయి.

అందుకే ముందు ఇంట్లోనే మొదలుపెట్టమనండి. కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో ఫోనుకు తగిలించే ఎండోస్కోప్ కెమెరా కొనాలి. ఆవాలు, మిరియాలు, శనగలను వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి పీవీసీ పైపు లోపల అంటించాలి. చదరంగపు గళ్ల కాగితంతో కెమెరాను క్యాలిబ్రేట్ చేసి (కొలతలకు సరిచేసి), ఎంత దూరం నుంచి చూస్తే ఎన్ని మిల్లీమీటర్ల తప్పు వస్తోందో పట్టిక వేయాలి. ఇంటర్వ్యూలో ఆ పట్టిక చూపించి పది నిమిషాలు నమ్మకంగా మాట్లాడగలదు. కెమెరాతో కొలిచే నైపుణ్యం ఫ్యాక్టరీల్లో నాణ్యత తనిఖీకీ పనికొస్తుంది, కాబట్టి వైద్యరంగంలో ఉద్యోగం రాకపోయినా చదివింది వృథా కాదు.

పైచదువు కావాలంటే ఊరు దాటనక్కర్లేదు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో వైద్య చిత్రాల మీద పరిశోధన ఉంది, కందిలోని ఐఐటీలో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది.

ఆసుపత్రి వీడియోల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. తెలిసిన డాక్టరు పెన్‌డ్రైవ్‌లో ఇస్తానన్నా తీసుకోవద్దు. కాలేజీ గైడ్ ద్వారా ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, రోగి వివరాలు తొలగించిన వీడియోలే వాడాలి. ఈలోగా ఒక గ్యాస్ట్రో డాక్టరును కలిసి, ఎన్ని మిల్లీమీటర్ల తప్పు వస్తే ఆయన నిర్ణయం మారుతుందో అడిగి రమ్మనండి. ప్రాజెక్టు లక్ష్యంగా ఆ అంకెనే పెట్టుకోవాలి.