మార్స్ మీదికి ఫోన్ చేస్తే

చి. సౌమ్యకు,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మార్స్ కథ చదివాను. కథ సంగతి తర్వాత చెబుతాను, ముందు నువ్వడిగిన రెండు ప్రశ్నలు.

"ఇంత వయసొచ్చి ఇంకా మాంత్రికులు, రాకెట్లు ఏంటి" అని ఆఫీసులో అంటున్నారని రాశావు. వాళ్లకి జవాబు చెప్పక్కర్లేదు. నీకు నువ్వు చెప్పుకోవడానికైతే మాత్రం మన దగ్గర చాలా ఉంది. తోటి కవులు పురాణాల నుంచి కథలు తీసుకుంటున్న 16వ శతాబ్దంలో పింగళి సూరన సొంతంగా కథ అల్లుకుని కళాపూర్ణోదయం రాశాడు. అందులో బ్రహ్మ ఇంకా జరగని కథను సరస్వతికి ముందే చెప్పేస్తాడు, తర్వాత అది భూమ్మీద జరుగుతుంది. విశ్వనాథ సత్యనారాయణగారు గుర్రపుతల గంధర్వుణ్ణి తీసుకెళ్లి లండన్ నడిబొడ్డున పడేశారు. వీళ్లెవరూ పిల్లల్ని నిద్రపుచ్చడానికి రాసినవాళ్లు కాదు. నువ్వు ఆ వరసలో నిలబడ్డావు. సిగ్గుపడాల్సిన పనేం లేదమ్మలూ.

రెండోది, ఉద్యోగం మానేసి పూర్తిగా రాసుకోనా అని. వద్దు. తెలుగులో ఈ రకం కథలకి వచ్చే డబ్బుతో హైదరాబాద్‌లో ఇంటద్దె కట్టలేవు. అద్దె టెన్షన్ మొదలైతే అమ్ముడుపోయేది రాస్తావు, నీకు కావలసింది రాయవు. దాసరి సుబ్రహ్మణ్యంగారు చందమామలో ఉద్యోగం చేస్తూనే 1954లో మొదలుపెట్టి ఒకదాని తర్వాత ఒకటి జానపద సీరియళ్లు రాశారు. వాటి మీద ఆయన పేరు కూడా ఉండేది కాదు. మేం నెలంతా కాచుకుని కూర్చుని, పుస్తకం రాగానే మొదట తిప్పిన పేజీ ఎవరిదో మాకు తెలియదు. ఒక మనిషి జీవితమంతా ఈ పని చేస్తూ ఉండొచ్చు, నెలనెలా, ఉద్యోగంతో పాటే. అది జరిగిన విషయం.

ఇప్పుడు నీ కథ. శ్రీహరికోటకి దగ్గరున్న సూళ్లూరుపేటలో తల్లి, మార్స్ మీద కొడుకు. ఆలోచన నాకు చాలా నచ్చింది. కానీ వాళ్లిద్దరూ పక్క వీధిలో ఉన్నట్టు ఫోన్‌లో మాట్లాడుకున్నారు. ఆవిడ "తిన్నావా నాన్నా" అనగానే వాడు "ఆఁ తిన్నానమ్మా" అనేశాడు. అక్కడ నీ కథ చచ్చిపోయింది. లెక్క వేసి చూడు. మార్స్ మనకి బాగా దగ్గరగా వచ్చినప్పుడు సుమారు 5.5 కోట్ల కిలోమీటర్లు, బాగా దూరమైనప్పుడు 40 కోట్లు. సిగ్నల్ సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఒకవైపుకే 3 నిమిషాల నుంచి 22 నిమిషాలు. "తిన్నావా" అని అడిగాక జవాబు వచ్చేలోపు ఆవిడ కుక్కర్ దించి, పోపు పెట్టి, ఒక్కోసారి అన్నం తినేసి చెయ్యి కూడా కడుక్కుంటుంది.

ఇది ఇబ్బంది అనుకోకు, ఇదే నీ కథ. జవాబు అంత ఆలస్యమైతే మనుషులు ఎలా మారతారో ఆలోచించు. ఆవిడ అడగాల్సినవన్నీ ఒకేసారి అడగడం నేర్చుకుంటుంది. పోట్లాట కుదరదు. ఒక మాట అనేసి, తప్పయిందని వెంటనే ఇంకో మాట పంపినా, మొదటిది ముందే బయల్దేరిపోయింది కదా. మార్స్ మీద రోజు మన రోజు కంటే దాదాపు 40 నిమిషాలు ఎక్కువ, కాబట్టి వాడి తెల్లవారుజాము ఆవిడ గడియారంలో రోజూ జరిగిపోతుంటుంది. రెండున్నర వారాలయ్యేసరికి వాడి పొద్దున్న ఆవిడకి సాయంత్రమవుతుంది. ఇంకొకటి ఉంది. సుమారు రెండేళ్లకొకసారి మార్స్‌కీ మనకీ మధ్య సూర్యుడు అడ్డం వస్తాడు. ఆ రోజుల్లో, దాదాపు రెండు వారాలు, నాసావాళ్లు కూడా అక్కడ తిరిగే చక్రాల యంత్రాలకి, అదే రోవర్లకి, ఆదేశాలు పంపడం ఆపేస్తారు. గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరగా వెళ్లి కనబడకుండా పోతే మనం మూఢం అంటాం, పెళ్లిళ్లు ఆపుకుంటాం. కొడుకు గొంతు వినబడని ఆ రెండు వారాల్ని నీ కథలో తల్లి కూడా మూఢం అనదూ? క్యాలెండర్‌లో ముందే గీత గీసి పెట్టుకోదూ? అమెరికాలో కూర్చుని ఇదే కథ రాసేవాడికి ఆ మాట తట్టదు, నీకు తట్టాలి.

అందుకే, సైన్స్ తెలుసుకున్నాక ముసలివాళ్ల దగ్గరికి వెళ్లు. ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బల్ల మీద గంటలు గంటలు కూర్చున్న తరం మాది. మీ నానమ్మని అడుగు, మీ పెదనాన్న మిలిటరీలో ఉన్నప్పుడు ఉత్తరం కోసం ఎలా చూసేదో. జవాబు రాకముందే మనసులో జవాబు ఎలా చెప్పేసుకునేదో అడుగు. మార్స్ మీదికి మాట్లాడటం ఎలా ఉంటుందో ఆవిడకి తెలిసినంతగా నీ ఆఫీసులో ఎవరికీ తెలియదు.

జానపదానికీ ఇదే వర్తిస్తుంది. నువ్వు మొన్న చెప్పిన మాంత్రికుడు ఏదైనా చేయగలడు. అలాంటివాడితో ఏం కథ నడుస్తుంది? మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో చిలకలో ఉంది కాబట్టే బాలనాగమ్మ కథ ఇన్నాళ్లు నిలిచింది. నీ మాంత్రికుడు ఏం చేయలేడో ముందు నిర్ణయించు. మంత్రం వేసిన ప్రతిసారీ ఏం పోగొట్టుకుంటాడో నిర్ణయించు. ఆ తర్వాత ఆ రాజ్యంలో మామూలువాళ్లని చూడు. దయ్యాలు తిరిగే ఊళ్లో రాత్రి కాపలావాడికి జీతం ఎంతిస్తారు? వాడి భార్య ఒప్పుకుంటుందా?

మన చోట్లని వదలకు. నీ మొదటి కథ న్యూయార్క్‌లో ఎందుకు మొదలైందో నాకు అర్థం కాలేదు. రాకెట్లు ఎగిరేది శ్రీహరికోటలో. పక్కనే పులికాట్ సరస్సు, ఫ్లెమింగోలు, ప్రయోగం రోజు వేటకి వెళ్లొద్దని కబురందుకునే మత్స్యకారులు. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవి మీద యానాదులు ఉండేవాళ్లు. అందులో ఎన్ని నవలలున్నాయో చూడు. డైనోసార్ కావాలంటే హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లు, మన గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం నిలబడి ఉంది. దాని కాళ్ల దగ్గర నిలబడి తలెత్తి చూడు.

ఇక రోజూ రాయాలా అన్నావు. అందరూ రాయమనే చెబుతారు. నేను మాత్రం రోజూ నోట్‌బుక్ తెరువు అంటాను. పెళ్లి, పిల్లలు, ఎవరో ఒకరికి జబ్బు, ఇవన్నీ వస్తాయి. కథ ఒక్కటీ పూర్తికాని ఏళ్లు కూడా వస్తాయి. అప్పుడు కూడా చదివిన సైన్స్ వార్త, విన్న పొడుపుకథ, సంతలో విన్న వింత మాట రాసిపెట్టుకుంటూ ఉండు. మొదలుపెట్టిన కథని మాత్రం, బాగా రాలేదనిపించినా, చివరిదాకా రాయి. సగంలో వదిలేసిన కథ నీకేం నేర్పదు. పత్రికల నుంచి తిరిగొస్తే నెల రోజులు పక్కన పెట్టి మళ్లీ చదువు, ఇంకో చోటికి పంపు. సైన్స్ తెలిసినవాళ్లకి ఒకరికి, అసలు తెలియనివాళ్లకి ఒకరికి చూపించు. లెక్క తప్పితే మొదటివాళ్లు పట్టుకుంటారు, విసుగొస్తే రెండోవాళ్లు పట్టుకుంటారు.

మార్స్ కథ తిరగరాసి సంక్రాంతిలోపు పంపు. ప్రింట్ తీసి పంపితే మంచిది, పక్కన కాస్త జాగా వదులు, నా కళ్లకి ఫోన్‌లో చదవడం కష్టంగా ఉంది. అన్నట్టు, కొడుక్కి పేరు పెట్టావు, వాడి కమాండర్‌కి పేరు పెట్టావు, ఆ తల్లిని "అమ్మ" అని వదిలేశావు. ఈసారి ఆవిడకీ ఒక పేరు పెట్టు, ఫోన్ రాని రోజుల్లో ఏం పని చేసుకుంటుందో కూడా రాయి.

ప్రేమతో,
మీ అత్తయ్య