ఫ్యూరియంట్ వాయించే ముందు ఓసారి లేచి నడువు

అమ్మలూ,

నువ్వూ నీ ఫ్రెండూ కలిసి వాయించి పంపిన స్లావోనిక్ డాన్సుల రికార్డింగ్ రెండుసార్లు విన్నాను. ఒక్క నోటు కూడా తప్పు పోలేదు. కానీ దానికి ఎవరూ డాన్స్ చెయ్యలేరే! నా బాధంతా అదే.

చెక్ సంగీతకర్త ద్వోర్జాక్ 1878లో ఈ స్లావోనిక్ డాన్సులను ముందు రాసింది ఆర్కెస్ట్రాకి కాదు. మీలాగే ఇద్దరు ఒకే పియానో ముందు కూర్చుని వాయించుకోవడానికి. జర్మన్ సంగీతకర్త బ్రామ్స్ రాసిన హంగేరియన్ డాన్సులు బాగా అమ్ముడుపోయేసరికి, అలాంటివే కావాలని సిమ్రాక్ అనే పబ్లిషర్ అడిగి రాయించుకున్నాడు. ఇందులో ట్యూన్లు ద్వోర్జాక్ సొంతం, నడక మాత్రం పల్లెలది. ఆ నడక పోతే ఇక మిగిలేది వేళ్ల కసరత్తే.

మీ ఎనిమిదో డాన్సు ఫ్యూరియంట్, అంటే చురుకైన చెక్ పల్లె డాన్సు. కాగితం మీద మూడు బీట్ల లెక్కే కనిపిస్తుంది. దాన్ని నమ్మి 'ఒకటి రెండు మూడు' అనుకుంటూ వాయించావంటే అయిపోయినట్టే. చిన్నప్పుడు నాలుగేళ్లు భరతనాట్యం క్లాసుకి వెళ్లావు కదా, అది ఇప్పుడు పనికొస్తుంది. పియానో మూత వేసి లేచి నిలబడు. 'తక తక తక, తకిట తకిట' అనుకుంటూ ప్రతి ముక్క మొదట్లో అడుగు వెయ్యి. మొత్తం పన్నెండు బీట్లు, అంటే కాగితం మీద మూడేసి బీట్ల గళ్లు (బార్లు) నాలుగు. మొదటి మూడు అడుగులు బిగువుగా, తర్వాతి రెండు విశాలంగా పడతాయి. ఫ్యూరియంట్ పొగరంతా ఆ మలుపులోనే ఉంది. చెక్ పల్లెల్లో ఇదే నడకకి ఒక పాత పాట ఉంది: రైతు, రైతు, రైతు, ఇంకోసారి రైతు, రైతంటే పెద్ద దొర అని. ఇంకో చెక్ సంగీతకర్త స్మెతనా 1879లో రాసిన చెక్ డాన్సుల్లోని ఫ్యూరియంట్ ఆ పాట మీదే కట్టాడు. అప్పటికి ఆయనకి చెవులు వినిపించక ఐదేళ్లు. ఒకసారి విను, నేను రాసిన దానికంటే బాగా అర్థమవుతుంది.

ఒత్తు పడే చోట కొట్టకండి, చేతి బరువు వదలండి. 'ప్రెస్టో', అంటే చాలా వేగంగా, అని రాసుంది కదా అని ఉరకొద్దు. అడుగు నేల మీద ఆనేంత వ్యవధి మిగిలినప్పుడే అది వేగం.

నాలుగోది సౌసెడ్‌స్కా. చెక్ భాషలో 'సౌసెడ్' అంటే పొరుగువాడు. వయసు మళ్లినవాళ్లు కూడా తాపీగా వేసే డాన్సు. వియన్నా వాల్ట్జ్‌లా గిర్రున తిప్పెయ్యకండి, అంతే.

ఇక పెడల్ సంగతి, అదే స్వరాన్ని మోగుతూ ఉంచే కాలి మీట. ఎడమవైపు కూర్చున్న నీదే బాధ్యత. నీ ఎడమచెయ్యి చెప్పినట్టు కాదు, నీ ఫ్రెండ్ వాయించే ట్యూన్ వింటూ తొక్కాలి. రికార్డింగ్‌లో తక తక తక ఒకదానిలో ఒకటి కలిసిపోయి పాయసంలా అయింది. అక్కడ పాదం తీసెయ్. పొడిగా వినిపిస్తుందేమోనని భయపడకు, డాన్సు వేసే కాళ్లకి గాలి ఆడాలి.

నీ కుడిచెయ్యీ తన ఎడమచెయ్యీ గుద్దుకునే చోట్ల ఎవరిది పైన, ఎవరిది కింద అన్నది ఇప్పుడే పెన్సిల్‌తో రాసుకోండి. స్టేజి మీద మర్యాదలు పనికిరావు. ఒకసారి నేను పెళ్లి నుంచి నేరుగా కచేరీకి వెళ్లి, గాజులు తియ్యడం మర్చిపోయాను. మెల్లగా వాయించాల్సిన చోట చేతులు దాటేసరికి అవి పక్కావిడ వాచీకి తగిలి టకటకమన్నాయి. ముందు వరసలో పిల్లలు నవ్వారు. ఆవిడ మాత్రం నాతో వారం రోజులు మాట్లాడలేదు.

పేజీ ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్లు తిప్పండి. కుదరకపోతే ఆ రెండు బార్లూ కంఠతా పట్టెయ్యండి.

వచ్చే ఆదివారానికి ఇంకో రికార్డింగ్ పంపు. ఈసారి ఫోను కిందగా పెట్టు, మీ వేళ్లు కనిపించకపోయినా ఫర్వాలేదు, నీ పాదం కనిపించాలి.

ప్రేమతో,
అత్తయ్య