కురాండాకి ఒక్క రోజు: రైల్లో ఎక్కి, రోప్‌వేలో దిగండి

ప్రశ్న: నమస్తే అండీ. జూలైలో మా అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు. వాళ్లని ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని కెయిర్న్స్ తీసుకెళ్లి, అక్కడి నుంచి ఒక రోజు కురాండా అనే కొండ మీది ఊరు చూపిద్దామని మా ప్లాన్. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. రైలు, రోప్‌వే, సీతాకోకచిలుకల పార్కు, కోలాలు, పక్షుల పార్కు, మార్కెట్, నది మీద పడవ, వీలైతే సాయంత్రం పోర్ట్ డగ్లస్ కూడా అని లిస్టు రాసుకున్నాను. కారు అద్దెకి తీసుకుంటున్నాం. ఇదంతా ఒక్క రోజులో అవుతుందా?
– ఒక పాఠకురాలు, బ్రిస్బేన్

జవాబు: అవదండీ. ఎలాగోలా అయిందనిపించినా అమ్మగారికి చివరికి గుర్తుండేది మోకాళ్ల నొప్పే. ముందు పోర్ట్ డగ్లస్ కొట్టేయండి, అది వేరే రోజు పని. రైలూ రోప్‌వే ఉంచండి. పార్కుల్లో ఏదో ఒక్కటి ఎంచుకోండి. పడవ సంగతి అక్కడికెళ్లాక ఓపిక ఉంటే చూసుకోవచ్చు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, కురాండా విషయంలో దారే సగం ప్రయాణం. చాలామంది ఊరు చేరడానికి తొందరపడి, తీరా చేరాక దుకాణాల్లో తిరిగి, అడవి సరిగ్గా చూడకుండానే వచ్చేస్తారు. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోప్‌వే పెట్టుకుంటే మీ రోజులో మూడు గంటలకి పైగా అడవిలోనే గడుస్తుంది, అదీ అమ్మగారు కూర్చునే.

నాన్నగారికైతే ఆ రైలొక్కటి చాలు. కెయిర్న్స్ నుంచి కురాండాకి దాదాపు 33 కిలోమీటర్లు, రెండు గంటలకి కాస్త తక్కువ పడుతుంది. 1882 వానాకాలంలో కొండల అవతల హెర్బర్టన్ దగ్గర తగరం గనుల్లో పనిచేసేవాళ్లకి బురద దారుల్లో తిండి సరుకు అందక ఆకలితో అల్లాడారు. మాకు రైలు కావాలని వాళ్లు పట్టుబట్టడం వల్లే ఈ లైను వచ్చింది. 1886లో పని మొదలుపెట్టి 1891కి కురాండా దాకా తెచ్చారు. 15 సొరంగాలు, చాలావరకు గునపాలు, పారలు, డైనమైట్‌తో తవ్వినవే. గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, 1067 మిల్లీమీటర్లని ముందే చెప్పకండి, ఆయన్నే పట్టాలు చూసి అంచనా వేయమనండి, మన మీటర్ గేజ్‌కి దగ్గర్లో ఉంటుంది కాబట్టి ఆయనకి సరదాగా ఉంటుంది. స్టోనీ క్రీక్ దగ్గర వంపు తిరిగిన ఇనుప వంతెన మీద రైలు మెల్లగా వెళ్తుంటే జలపాతం కిటికీ పక్కనే ఉంటుంది, వంపు వల్ల మీ పెట్టెలోంచే ముందున్న ఇంజను కూడా కనిపిస్తుంది. ఇంజను మీద ఒక కొండచిలువ బొమ్మ చూస్తారు. దాని పేరు బుడాజీ. ఈ బారన్ నది లోయని మలిచింది ఆ పామేనని ఇక్కడి మూలవాసులైన జబుగై ప్రజల కథ. రైల్లో ఎక్కేటప్పుడు లోయ ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటుంది, బుక్ చేసేటప్పుడు ఆ వైపు సీట్లు దొరుకుతాయేమో అడగండి.

దిగేటప్పుడు రోప్‌వే. 1995లో మొదలైంది, పొడవు 7.5 కిలోమీటర్లు. అడవిని నరికి రోడ్డు వేయకుండా స్తంభాలని హెలికాప్టర్లతో తెచ్చి నిలబెట్టారు. కింద నుంచి చూస్తే ఏ చెట్టైనా మాను, వేళ్లు, నీడ, అంతే. పైనుంచి చూస్తే ఆ చెట్లకి ఇంకో లోకం ఉందని తెలుస్తుంది. కొమ్మ చీలిన చోట బుట్టంత ఫెర్న్ మొక్క కూర్చుని, రాలే ఆకుల్ని తనలోనే పట్టుకుని, అవి కుళ్లి మట్టయితే ఆ మట్టిలోనే బతుకుతుంది. క్యాబిన్ తలుపు పడ్డాక పెద్దగా శబ్దం ఉండదు, కింద ఎక్కడో పిట్ట అరిస్తే వినిపిస్తుంది. మధ్యలో బారన్ ఫాల్స్, రెడ్ పీక్ అని రెండు స్టేషన్లు ఉన్నాయి. రెడ్ పీక్ 545 మీటర్ల ఎత్తు. అక్కడ చెట్ల మధ్య చెక్క బాట ఉంది, చిన్నదే, అమ్మగారు మెల్లగా నడవగలరు. క్యాబిన్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అది కదులుతూనే ఉంటుంది కాబట్టి మోకాళ్ల సంగతి సిబ్బందికి ముందే చెప్పండి, వేగం తగ్గిస్తారు.

ఇక్కడ ఒక్క చిక్కుంది. రోప్‌వే కిందికి దిగేది కెయిర్న్స్‌లో కాదు, ఊరికి ఉత్తరాన స్మిత్‌ఫీల్డ్‌లో. కారు రైల్వేస్టేషన్‌లో పెట్టి వెళ్తే దిగాక కారు ఒకచోట, మీరొకచోట. రైలూ రోప్‌వే కలిపి అమ్మే టికెట్లలో మధ్యలో బస్సు కూడా ఉండేవి దొరుకుతాయి, అవి తీసుకోండి. ఆ ఒక్క రోజుకి కారు అద్దె మానుకున్నా ఏమీ నష్టం లేదు.

ఊళ్లో స్టేషన్ నుంచి బజారుకి ఎక్కుడు దారి. యువకులకి లెక్కలోది కాదు గానీ అమ్మగారికి కష్టమే, ఏదైనా వాహనం ఉందేమో స్టేషన్ బయట అడగండి. పార్కుల్లో నా ఓటు సీతాకోకచిలుకలకి. నీలంగా మెరిసే యులిసిస్ రెక్క విప్పితే వెలుగు, ముడిస్తే ఎండుటాకు. ఎరుపో గులాబీయో, కొట్టొచ్చినట్టుండే రంగు చీర కట్టుకోమనండి, భుజం మీద వాలితే ఆవిడ ఇండియా వెళ్లాక కూడా అదే చెబుతారు. మార్కెట్ చివర్లో చూద్దాంలే అనుకోకండి, మధ్యాహ్నం మూడు దాటితే ఒక్కొక్కరే సర్దేస్తుంటారు.

ప్రశ్న: పోయిన సెప్టెంబర్‌లో వెళ్లాం. ఫోటోల్లో బారన్ జలపాతం సముద్రంలా ఉంది, మాకు నల్ల బండల మీద నాలుగు ధారలు కనిపించాయి. మోసపోయామా?
– ఒక పాఠకుడు, సిడ్నీ

జవాబు: మోసమేమీ లేదండీ, వెళ్లిన నెలే అలాంటిది. అక్కడ వానలు డిసెంబర్ నుంచి మార్చి దాకా, ఆ ఫోటోలు అప్పటివి. వానల్లేని నెలల్లో నది నీళ్లు తక్కువ, ఉన్న నీళ్లలోనూ చాలా భాగం జలపాతానికి పైన మళ్లించి, 1963 నుంచి నడుస్తున్న జలవిద్యుత్ కేంద్రానికి పంపుతారు. జబుగై భాషలో ఈ జలపాతం పేరు దిన్ దిన్. ఇప్పుడు నేషనల్ పార్క్ పేరులోనూ ఆ మాట చేరింది. జూలైలో వెళ్లే పై పాఠకురాలు కూడా ఇది గుర్తుంచుకోవాలి, వాళ్లకీ ధారలే కనిపిస్తాయి. అయితే నీళ్లు లేనప్పుడే ఆ లోయ ఎంత లోతో, రాయి ఎన్ని మడతలుగా దిగుతుందో తెలుస్తుంది. నాకు అదీ ఇష్టమే.

ప్రశ్న: మేం జనవరిలో నాలుగేళ్ల బాబుతో వెళ్తున్నాం. వానలంటే టెన్షన్, పైగా ముట్టుకుంటే కుట్టే చెట్లు ఉంటాయట. మానుకోమంటారా?
– ఒక తల్లి, మెల్‌బోర్న్

జవాబు: మానుకోకండి. వాన అడవికి వెళ్తూ వాన వద్దంటే ఎలా? వాన ఆగాక కూడా చాలాసేపు చెట్ల మీంచి చినుకులు పడుతూనే ఉంటాయి, గొడుగు కంటే టోపీ ఉన్న రెయిన్‌కోట్ నయం, చేతులు ఖాళీగా ఉంటాయి. కాకపోతే మామూలు వాన వేరు, తుఫాను వేరు. 2023 డిసెంబర్‌లో జాస్పర్ తుఫాను తర్వాత కొన్ని చోట్ల ఐదు రోజుల్లోనే 2 మీటర్లకు మించి వాన పడింది, కొండచరియలు విరిగి రైలు లైనూ రోడ్డూ మూతపడ్డాయి. కాబట్టి కెయిర్న్స్‌లో కనీసం మూడు రోజులుండి, కురాండాని మొదటి రోజే పెట్టుకోండి, కుదరకపోతే మర్నాడు వెళ్లొచ్చు. పిడుగులు, గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు, ఆ ఉదయం ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. క్వీన్స్‌లాండ్‌లో గడియారం ముందుకు జరపరు, జనవరిలో మీకంటే గంట వెనక ఉంటారు, టికెట్ టైమ్ ఆ లెక్కన చూసుకోండి.

కుట్టే చెట్టు పేరు జింపీ-జింపీ. ఆకు తమలపాకులా హృదయాకారంలో, అంచులు రంపంలా, పైన మెత్తటి నూగుతో ఉంటుంది. ఆ నూగే గాజు ముళ్లు, చర్మంలో విరిగిపోతే నొప్పి వారాలూ నెలలూ మళ్లీ మళ్లీ వస్తుంది. వెలుతురు పడే చోట, బాటల అంచుల్లోనే ఎక్కువ పెరుగుతుంది. బాబు చేయి పట్టుకుని బాట మధ్యలో నడిపించండి, ప్యాంటూ బూట్లూ వేయండి. పొరపాటున తగిలితే రుద్దొద్దు, వెంట్రుకలు తీసే వ్యాక్స్ స్ట్రిప్ అంటించి లాగితే ముళ్లు కొన్ని వస్తాయి, ఆ వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

కాసోవరీ ఎదురైతే మాత్రం బాబుని పరుగెత్తనివ్వకండి. మనిషంత ఎత్తు పక్షి, కాలి లోపలి వేలికి కత్తిలాంటి గోరు. బాబుని మీ వెనక్కి తీసుకుని, బ్యాగు మీకూ దానికీ మధ్య అడ్డం పట్టుకుని, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. తిండి వేయొద్దు, అలవాటైతే మనుషుల కోసం రోడ్డెక్కి కార్ల కింద పడతాయి. మింగిన పండ్ల గింజల్ని అడవంతా చల్లేది అదే, కొన్ని పెద్ద గింజల చెట్లకైతే దాదాపు ఇదొక్కటే దిక్కు. నేల మీద గింజలు నిండిన పెద్ద పేడకుప్ప కనిపిస్తే ఆగి బాబుకి చూపించండి, వాటిలో మొలకెత్తినవి కూడా ఉండొచ్చు.